"కృష్ణ బ్రిడ్జి, మహబూబ్‌నగర్ జిల్లా": ఈ రెండు బొగ్గింజన్ ఫొటోలు ఎక్కడివి?

పాలమూరు_పట్టాలు:
అన్నలూ నమస్తే. రెండు పాత బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లు ఉన్నాయి. ఇంజన్ రకం, చోటు, కాలం తేల్చాలి.

ఒకటి: పెద్ద నది, రాతి స్తంభాల మీద గర్డర్ల వంతెన, మీద బొగ్గింజన్, అయిదారు పెట్టెలు. గట్టు మీంచి పక్కకు తీసింది. ఇంజన్ ముందు భాగం ఆవిరిలో మునిగిపోయింది. ప్రింటు వెనక పెన్నుతో "కృష్ణ బ్రిడ్జి, మహబూబ్‌నగర్ జిల్లా" అని రాసి ఉంది. తేదీ లేదు.

రెండు: స్టేషన్లో ఆగిన ఇంజన్, మూతి గుండ్రంగా ముందుకు పొడుచుకొచ్చి ఉంది, హెడ్‌లైటు చుట్టూ నక్షత్రం. వెనకాల నున్నటి గుట్ట. "నల్లగొండ, 1962" అని రాసి ఉంది. బోర్డు మీద ఊరి పేరు ఫ్రేములో పడలేదు.

మొదటిది గద్వాల వంతెనేనా?

మీటర్‌గేజ్_మోజు:
అంత తొందరగా గద్వాల అనొద్దు. పాత పాలమూరు జిల్లాలో కృష్ణ మీద రైలు వంతెనలు రెండు. ఒకటి వనపర్తి రోడ్, గద్వాల మధ్య. సికింద్రాబాద్ నుంచి గద్వాల దాకా 1916లో నిజాం రైల్వే వేసిన మీటర్ గేజ్ (పట్టాల మధ్య మీటరు దూరం) లైను అది, 1990లలో బ్రాడ్ గేజ్ (వెడల్పు పట్టాలు) అయింది. రెండోది వాడి, రాయచూరు మధ్య, కృష్ణ స్టేషన్ దగ్గర. 1871లో బొంబాయి, మద్రాసు లైన్లను కలిపిన బ్రాడ్ గేజ్ అది. రెంటికీ మీ ఫొటో వెనక రాత సరిపోతుంది. కాబట్టి ముందు గేజ్ తేలాలి, చోటు ఆ తర్వాత.

ఇంజన్ ఎదురుగా కనిపిస్తే పని సులువు. ముందు దూలానికి రెండు వైపులా గుండ్రటి బఫర్లు (బండ్లు తగిలినప్పుడు అదురు ఆపే దిమ్మెలు), నడుమ కొక్కెం ఉంటే బ్రాడ్ గేజ్. నడుమ ఒక్కటే బఫర్ ఉండి, తగిలించే కొక్కెం కూడా అక్కడే ఉంటే మీటర్ గేజ్. మీ ఫొటోలో మూతి కనిపించదు కనుక చక్రాలు లెక్కపెట్టాలి. ముందు చిన్నవి, నడుమ పెద్దవి, వెనక చిన్నవి, ఒక పక్కవి లెక్కపెట్టి రెట్టింపు చేయాలి. మీటర్ గేజ్ ఇంజన్ రకాల్లో వైపీ 4-6-2, వైజీ 2-8-2. బ్రాడ్ గేజ్‌లో డబ్ల్యూపీ 4-6-2, డబ్ల్యూజీ 2-8-2. చూశారా, చక్రాల లెక్కతో గేజ్ తేలదు! చాలామంది పప్పులో కాలేసేది ఇక్కడే.

పైగా ముందు చిన్న చక్రం ఆవిరిలో, వెనకది బూడిద తొట్టి నీడలో కలిసిపోతాయి. అప్పుడు పెద్ద చక్రాలను కలిపే రాడ్ చూడండి. సిలిండర్ నుంచి వచ్చే పొడవాటి రాడ్ మూడోదానికి తగిలితే నాలుగు పెద్ద చక్రాలున్న ఇంజన్, రెండోదానికి తగిలితే మూడున్నది. తర్వాత క్యాబ్ (డ్రైవరు ఉండే గది) పక్కన నంబరు. వైపీకి 2తో, వైజీకి 3 లేదా 4తో, డబ్ల్యూపీకి 7తో మొదలవుతుంది. 8, 9తో మొదలైనా, 10తో మొదలయ్యే అయిదు అంకెలున్నా డబ్ల్యూజీ. అయితే 1957 ప్రాంతంలో దేశమంతా నంబర్లు మార్చారు, అంతకు ముందటి ఫొటోకి ఈ లెక్క పనికిరాదు.

వాట్సాప్‌లో పంపిన ఫొటోతో ఇది కాదు, అక్షరాలన్నీ అలుక్కుపోయాయి. ప్రింటును 1200 డీపీఐలో, షార్ప్‌నింగ్ ఆపేసి, టిఫ్ ఫైలుగా స్కాన్ చేయండి. క్యాబ్, టెండర్ (ఇంజన్ వెనక బొగ్గు, నీళ్లు మోసే బండి) ఉన్న ముక్కను 2400లో విడిగా తీయండి.

భువనగిరి_బండి:
రెండోదాని సంగతి నేను చెప్త. ఆ మూతి డబ్ల్యూపీది, బ్రాడ్ గేజ్ ప్యాసింజర్ ఇంజను. 1962ల నల్లగొండ పట్నానికి రైలే లేదు. బీబీనగర్ నుంచి నడికుడి లైను తర్వాత దశలవారీగా వేసి, 1989ల పూర్తి చేసిన్రు. రాసినాయన జిల్లా పేరు రాసిండు, అంతే. అప్పటి నల్లగొండ జిల్లాల సికింద్రాబాద్–కాజీపేట లైను మీద బీబీనగర్, భువనగిరి, ఆలేరు ఉన్నయి. నున్నటి ఒంటిరాతి గుట్ట అంటే భువనగిరి ఖిల్లానే ముందు గుర్తుకొస్తది. గుట్ట అంచును గూగుల్ ఎర్త్‌ల స్టేషన్ దగ్గర నేల ఎత్తున నిలబడి చూస్తే కనిపించే అంచుతో పోల్చుండ్రి. సరిపోకుంటే ఫొటో తిరగబడి ప్రింటయిందేమో చూడుండ్రి. అక్షరాలు లేకపోతే ఫొటోల మనిషి అంగీ చూస్తే సాలు, జేబు కుడి రొమ్ము మీద ఉన్నదంటే నెగెటివ్ తిరగేసిన్రన్నట్టే.

బోర్డు కింది సగం దొరికితే సముద్రమట్టం ఎత్తు ఉంటది. అడుగులల్ల ఉంటే మెట్రిక్‌కు ముందు రాసిన బోర్డు. ఊరి పేరు పోయినా ఆ అంకెతో స్టేషన్ పట్టొచ్చు. మీ దిక్కే చూడుండ్రి, మహబూబ్‌నగర్, గద్వాల ఎత్తులకు వంద మీటర్లకు పైనే తేడా ఉన్నది.

పాలమూరు_పట్టాలు:
మళ్లీ స్కాన్ చేశాను. మొదటి ఫొటోలో పెద్ద చక్రాలు నాలుగు, రాడ్ మూడోదానికి తగులుతోంది. క్యాబ్ మీద నాలుగు అంకెలు, మొదటిది 3, మిగతావి మసక. టెండర్ మీద హిందీలో "ద.మ." కనిపిస్తోంది. రెండోదాంట్లో గుట్ట అంచు భువనగిరితో సరిపోయింది.

మీటర్‌గేజ్_మోజు:
అయితే మొదటిది వైజీ, మీటర్ గేజ్. కృష్ణ స్టేషన్ వంతెన పక్కకు పోయింది. "ద.మ." అంటే దక్షిణ మధ్య రైల్వే, అది 1966 అక్టోబర్ 2న ఏర్పడింది. ఫొటో అంతకు ముందుది కాదు. దీన్ని తిప్పి చెప్పకూడదు. మధ్య రైల్వే అక్షరాలు కనిపించినంత మాత్రాన 1966కు ముందుదని అనలేం, రంగు వేసే వరకు పాత అక్షరాలే తిరిగేవి. నిజాం స్టేట్ రైల్వే అక్షరాలకూ ఇంతే, ఆ రైల్వే 1951లో మధ్య రైల్వేలో కలిసింది. ఒక ఇంజన్ టెండర్ ఇంకోదానికి తగిలించడమూ ఉండేది, అందుకే టెండర్‌నూ క్యాబ్‌నూ విడివిడిగా చదవాలి. కాలం ఇంకా కుదించాలంటే పెట్టెల చివర చిన్న అక్షరాల్లో పీఓహెచ్ (వర్క్‌షాపులో చేసే పెద్ద మరమ్మతు) తేదీ, రిటర్న్ (మళ్లీ మరమ్మతుకు రావాల్సిన) తేదీ వెతకండి. అది దొరికితే అటూ ఇటూ ఏడాదిలో పడతారు.

ఇంకో అనుమానం మిగిలింది. ఇదే లైను ఆలంపూర్ రోడ్ దాటాక కర్నూలు దగ్గర తుంగభద్రనూ దాటుతుంది. వెనక రాసినాయన నది పేరు పొరబడలేదని ఏం నమ్మకం? ఖానాలు (స్తంభాల మధ్య ఖాళీలు) లెక్కపెట్టి రెండు వంతెనల ఉపగ్రహ చిత్రాలతో పోల్చండి. గేజ్ మార్పిడిలో గర్డర్లు మారి ఉండొచ్చు. కాబట్టి పోల్చాల్సింది స్తంభాల ఆకారం, వాటి మధ్య దూరం, గట్టు దగ్గరి బండలు. నీటిమట్టం చూసి నిర్ణయించొద్దు.

నడిగడ్డ:
ఒక చిన్న మాట. నీడ చూసి దిక్కు పట్టేవాళ్లు "మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన" అనే లెక్క వేస్తారు. గద్వాల దగ్గర మే మొదటి వారం నుంచి ఆగస్టు మొదటి వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు నెత్తికి ఉత్తరంగా ఉంటాడు. వాన కారు ఫొటో అయితే ఈ లెక్కతో నది ఏ గట్టు నుంచి తీశారో తారుమారవుతుంది. పొద్దున, సాయంత్రం పొడుగు నీడలే నమ్మండి.