‘ఓవర్‌హాల్’ని ఇంగ్లిష్ వాళ్లు దేనికి వాడతారు?

బ్రిటన్, అమెరికాల్లో ఉంటున్నవాళ్లు ఎవరైనా కాస్త చెప్పండి. ఇంజిన్ ఓవర్‌హాల్ అంటే మొత్తం విప్పి, అరిగిన భాగాలు మార్చి, మళ్లీ బిగించడం. ఇది మన మెకానిక్ షెడ్లలోనూ వినిపించేదే. పన్నుల విధానాన్ని ఓవర్‌హాల్ చేశారని పేపర్లో రాస్తే అదీ అర్థమవుతుంది. కానీ బ్రిటిష్ క్రికెట్ రిపోర్టుల్లో టార్గెట్‌ని ఓవర్‌హాల్ చేశారంటే దాటేశారని! అమెరికన్లకు ఈ వాడుక తెలుసా?

నా అసలు సందేహం వేరే. రెజ్యూమె, వంటగది, తిండి అలవాట్లు... వీటికి ఓవర్‌హాల్ సహజంగా అంటారా, రీవ్యాంప్ అంటారా? రీవ్యాంప్ నాకెందుకో పైపై మెరుగుల్లా అనిపిస్తుంది. డిక్షనరీ అర్థాలు చూశాను, అవి వద్దు. మీ ఆఫీసులో నిజంగా వినే వాక్యాలు ఒకట్రెండు రాయగలరా?