అప్‌డేట్: యానిమల్ కలెక్టివ్‌ను ఎక్కడ మొదలుపెట్టాలన్న ప్రశ్నకు సంబంధించి

అమెరికాలోని బాల్టిమోర్ నుంచి వచ్చిన నలుగురు సభ్యుల సంగీత బృందం యానిమల్ కలెక్టివ్‌ను ఎక్కడి నుంచి వినడం మొదలుపెట్టాలని, అది ఒక్కో ఆల్బమ్‌లో ఒక్కో బృందంలా ఎందుకు వినిపిస్తుందని ఇంతకుముందు అడిగాను. విడుదలైన వరుసలో వినమని సలహా ఇచ్చినవారికి హృదయపూర్వక కృతజ్ఞతలు. జవాబు అందులోనే దొరికింది.

2004 నాటి ‘సంగ్ టాంగ్స్’ ఆల్బమ్‌ను బృంద సభ్యుల్లో ఏవీ టేర్, పాండా బేర్ ఇద్దరే చేశారు కాబట్టి, అకూస్టిక్ గిటార్లూ, ఒకదానిపై ఒకటి పేర్చిన గొంతులూ దాదాపు మొత్తం భారాన్ని మోస్తాయి. 2009 నాటి ‘మెర్రివెదర్ పోస్ట్ పెవిలియన్’ సమయానికి గిటారిస్టు డీకిన్ విరామంలో ఉండటంతో, గిటార్ ఉండవలసిన చోటును శాంప్లర్లు (రికార్డు చేసిన శబ్దాలను వాద్యంలా వాయించే పరికరాలు) ఆక్రమించాయి. అందులోని ‘మై గర్ల్స్’ పాట ఆరంభంలో సింథ్ (ఎలక్ట్రానిక్ కీబోర్డు) స్వరాలు సుడి తిరుగుతూనే ఉంటాయి. చాలాసేపటికి గానీ లోతైన బేస్ దిగదు, దిగిన క్షణం నుంచి పాట రూపమే మారిపోతుంది. మంచి హెడ్‌ఫోన్స్‌తో వింటే ఈ తేడా స్పష్టంగా తెలుస్తుంది.

నలుగురూ కలిసి చేసిన ‘టైమ్ స్కిఫ్స్’ ఆల్బమ్‌లో, అంటే 2022లో, పాండా బేర్ మళ్లీ డ్రమ్ముల ముందు కూర్చున్నాడు. ఎవరెవరు ఉన్నారు, ఏ వాద్యం పట్టారు అన్నదాన్ని బట్టే వీరి ధ్వని మారుతోందని ఇప్పుడు నా అభిప్రాయం. కొత్తగా వినేవారికి మాత్రం 2009 ఆల్బమ్‌నే ముందు సూచిస్తాను.