చట్టాల వర్క్‌షాప్: ఎవరెవరు ఏం చూసుకుంటారు?

సమన్వయకర్త:
అందరికీ నమస్కారం. వచ్చే నెల రెండో శనివారం మధ్యాహ్నం 2 గంటలకి లైబ్రరీ మీటింగ్ రూమ్ దొరికింది. 40 మంది పడతారు, ప్రొజెక్టర్ అక్కడే ఉంది. ‘అమెరికాలో కొత్త బిల్లు వచ్చిందట’ అని ఎవరైనా ఫార్వర్డ్ పెడితే, దాని సంగతేంటో మనవాళ్లు సొంతంగా చూసుకోగలగాలి. అందుకే ఈసారి ఉపన్యాసాలు వద్దు. వచ్చినవాళ్లంతా తమ ఫోన్లోనో లాప్‌టాప్‌లోనో ఒక్క బిల్లయినా వెతికి, చదివి ఇంటికి వెళ్లాలి.

మొదటి ఉదాహరణగా రెమిటెన్స్ టాక్స్, అంటే ఇక్కడి నుంచి వేరే దేశాలకి పంపే డబ్బు మీద పన్ను, తీసుకుందాం. 2025 మే నెలలో, ఇండియాకి పంపే డబ్బు మీద 5 శాతం పన్ను అని గ్రూపుల్లో ఎంత గోలయిందో గుర్తుంది కదా. మా ఇంట్లో కూడా టెన్షన్ పడి, నాన్న కంటి ఆపరేషన్ కోసం దాచిన డబ్బంతా ఆ రాత్రికి రాత్రే పంపేశాం. డాలర్ రేటు కూడా చూసుకోలేదు. ఆ బిల్లు హెచ్.ఆర్.1. కమిటీ దగ్గర 5 శాతం ఉన్నది హౌస్‌లో (ప్రతినిధుల సభలో) పాసయ్యేసరికి 3.5కి, జూలై 4న సంతకమయ్యేసరికి 1 శాతానికి వచ్చింది. అదీ నగదు, మనీ ఆర్డర్, క్యాషియర్ చెక్ (బ్యాంకే రాసిచ్చే చెక్కు) లాంటివి ఇచ్చి పంపితేనే. ఇక్కడి బ్యాంకు ఖాతా నుంచి, ఇక్కడ ఇచ్చిన డెబిట్, క్రెడిట్ కార్డుల మీద పంపితే ఈ పన్ను లేదు. అమలు 2026 జనవరి 1 నుంచి.

అంటే మే నెల ఫార్వర్డ్ అబద్ధం కాదు, అది పాత వెర్షన్. అమెరికా పార్లమెంటు అయిన కాంగ్రెస్ వెబ్‌సైట్ కాంగ్రెస్.గవ్‌లో బిల్లు పేజీ తెరిచి ‘టెక్స్ట్’ నొక్కితే రిపోర్టెడ్ (కమిటీ పంపినది), ఎన్‌గ్రాస్డ్ (సభ పాస్ చేసినది), పబ్లిక్ లా (చట్టమైనది) అని వెర్షన్లన్నీ కనిపిస్తాయి. ఒక్కోదాంట్లో ‘రెమిటెన్స్’ అని వెతికిస్తే చాలు, అంకె ఎలా తగ్గిందో వాళ్ల కళ్లతో వాళ్లే చూస్తారు. దీనికి అరగంట ఇద్దాం.

ప్రొజెక్టర్ టీమ్:
అక్కా, నిన్న రాత్రి ట్రై చేశాను. హెచ్.ఆర్.1 అని కొడితే 2017 నాటి పన్నుల బిల్లు, 2019 నాటి ఎన్నికల బిల్లు కూడా వస్తున్నాయి. జనం తికమకపడతారేమో.

సమన్వయకర్త:
మంచి పని చేశావు తమ్ముడూ, ఇది ముందే చెప్పేద్దాం. రెండేళ్లకోసారి కొత్త కాంగ్రెస్ వస్తుంది, నంబర్లు మళ్లీ ఒకటి నుంచి మొదలవుతాయి. మనకి కావాల్సింది 119వ కాంగ్రెస్‌లోని హెచ్.ఆర్.1. ఒక కాంగ్రెస్ ముగిసేసరికి పూర్తిగా పాస్ కాని బిల్లు అక్కడితో పోయినట్టే. ఉద్యోగం ద్వారా వచ్చే గ్రీన్‌కార్డుల్లో ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి తీసేసే బిల్లు 2019 జూలైలో హౌస్‌లో 365-65తో నెగ్గింది. 2020 డిసెంబర్‌లో ఎగువసభ అయిన సెనేట్ వేరే వెర్షన్ పాస్ చేసింది. రెండూ ఒకటి కాకముందే గడువు అయిపోయింది. ‘పాసైంది’ అన్న ఒక్క మాటకి ఎన్ని ఇళ్లలో ఆశలు పెట్టుకున్నారో! బిల్లు పేజీలోని ‘యాక్షన్స్’లో ఆఖరి అడుగు ఏమిటో చూడటం తప్పకుండా నేర్పాలి.

టెక్సాస్ భాగం:
అమ్మా, నేను ఎస్.బి.17 చెబుతాను, కొన్ని దేశాలవాళ్లు టెక్సాస్‌లో ఇళ్లు, స్థలాలు కొనడం మీద ఆంక్షలు పెట్టిన రాష్ట్ర చట్టం. ‘మనవాళ్లు ఇక్కడ ఇళ్లు కొనకూడదట కదా’ అని గుడిలో ఇద్దరు ముగ్గురు అడిగారు. టెక్సాస్ లెజిస్లేచర్ ఆన్‌లైన్ అనే రాష్ట్ర శాసనసభ వెబ్‌సైట్‌లో 89వ రెగ్యులర్ సెషన్ ఎంచుకుని, ‘ఎన్‌రోల్డ్’ (రెండు సభలూ పాస్ చేసిన) వెర్షన్ తెరవాలి. 2025 సెప్టెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. చిక్కేమిటంటే, నిర్వచనంలో దేశాల పేర్లు లేవు. జాతీయ ఇంటెలిజెన్స్ డైరెక్టర్ ఇచ్చే గత మూడు వార్షిక నివేదికల్లో ఏ ఒక్కదాంట్లోనైనా ముప్పుగా గుర్తించిన దేశం అని ఉంది. అంటే ఆ నివేదికలూ తెరవాలి. అక్కడున్నవి చైనా, రష్యా, ఇరాన్, ఉత్తర కొరియా. ఇండియా లేదు. కొత్త దేశాన్ని చేర్చే అధికారం గవర్నర్‌కి ఉందన్నది కూడా చెప్పాలి, దాచకూడదు.

సమన్వయకర్త:
తప్పకుండా బాబాయ్‌గారూ, మీకు నలభై నిమిషాలు.

రిజిస్ట్రేషన్ టీమ్:
హెచ్-4 ఈఏడీ (హెచ్-1బి వీసావాళ్ల భార్య లేదా భర్తకి ఇచ్చే పని అనుమతి) బిల్లు చూపిస్తారా అని నలుగురు అడిగారు అక్కా.

సమన్వయకర్త:
అది బిల్లు కాదమ్మా. 2015లో వచ్చిన రూలు, కాంగ్రెస్‌లో వెతికితే దొరకదు. కేంద్ర ప్రభుత్వ గెజిట్ లాంటి ఫెడరల్ రిజిస్టర్‌లో చూడాలి. 2025 సెప్టెంబర్‌లో వచ్చిన లక్ష డాలర్ల హెచ్-1బి ఫీజు కూడా అంతే, అది అధ్యక్షుడి ప్రకటన. ఈ రెండూ చివర్లో చూపిస్తాను. సొంత కేసుల గురించి అడిగితే మాత్రం లాయర్‌నే కలవమనండి, మనం సలహాలివ్వొద్దు.

ఫుడ్ కమిటీ:
పులిహోర, టీ మావి. పెద్దవాళ్లు చాలామంది వస్తున్నారు, ఏది ఎక్కడ నొక్కాలో పెద్ద అక్షరాల్లో తెలుగులో ఒక కాగితం ఇస్తే బాగుంటుంది.

సమన్వయకర్త:
రాసి ఆదివారానికి ఇక్కడ పెడతాను. అచ్చుతప్పులు ఎవరు చూస్తారు?

టెక్సాస్ భాగం:
నాకు పంపమ్మా. ముందు మా ఆవిడ చేతికిచ్చి, ఆ కాగితం చూసి తను బిల్లు తెరవగలుగుతుందో లేదో చూస్తాను.