టెక్నికల్ రైటర్ ఓపెనింగ్స్ నిజంగా ఉన్నాయా, నౌక్రీలో ఊరికే పెడుతున్నారా?

హెల్ప్‌ఫైల్_పిల్ల:
గచ్చిబౌలిలో ఒక ప్రొడక్ట్ కంపెనీలో చేసేదాన్ని, మార్చిలో డాక్స్ టీమ్ మొత్తాన్ని తీసేశారు, ఇక డెవలపర్లే ఏఐతో రాసుకుంటారట. నా పనంతా మ్యాడ్‌క్యాప్ ఫ్లేర్ అనే డాక్యుమెంటేషన్ టూల్‌లో యూజర్ గైడ్లు, రిలీజ్ నోట్స్. ఇప్పుడు ఏ జాబ్ డిస్క్రిప్షన్ చూసినా ఏపీఐ, గిట్, మార్క్‌డౌన్ అని డెవలపర్లు వాడేవే అడుగుతున్నారు, ఎప్పుడైనా కాల్ వస్తే శాంపిల్స్ పంపమంటారు, నేను రాసినవన్నీ కస్టమర్ లాగిన్ వెనకాలే ఉన్నాయి, ఏం పంపను? ఇంట్లో టెస్టింగ్ నేర్చుకోమంటున్నారు. లైన్ మారిపోవాలా?

పాత_ఫ్రేమ్‌మేకర్:
అమ్మా, 2001లో డాట్‌కామ్ పడ్డప్పుడూ 2008లోనూ ఇదే కథ, మనల్ని తీసేస్తే ఆ క్వార్టర్‌లో ఏదీ ఆగదు, సపోర్ట్ టికెట్లు పెరిగేది తర్వాతెప్పుడో, అందుకే కత్తి ముందు మన మీదకే వస్తుంది. అప్పుడైతే అమెరికాలో ఖర్చు తగ్గించుకుంటూ కొంత పని ఇటే పంపారు. ఈసారి 2022 చివర్లో చాట్‌జీపీటీ వచ్చాక మేనేజర్లకి మంచి సాకు దొరికింది. 1953 నుంచి ఉన్న మన టెక్నికల్ రైటర్ల సంఘం ఎస్‌టీసీయే 2025 జనవరిలో దివాలా తీసి మూతపడింది, ఇంకేం చెప్పను.

ఐఎఫ్‌యూ_రావు:
సార్ మరీ అంత భయపెట్టకండి. నేను మెడికల్ డివైసెస్‌లో ఉన్నా, యూరప్‌లో 2021 మే నుంచి ఎండీఆర్ అనే మెడికల్ డివైస్ రెగ్యులేషన్ నడుస్తోంది, వాడే సూచనలు సరిగా లేకపోతే డివైస్ అమ్ముకోలేరు, తప్పు పడితే ఏఐ రాసిందంటే ఎవరూ ఒప్పుకోరు. విమానాల వైపు కూడా అంతే, ఎస్1000డీ అనే డాక్యుమెంటేషన్ స్టాండర్డ్, మాన్యువల్స్ కోసం సులువు చేసిన సింప్లిఫైడ్ టెక్నికల్ ఇంగ్లిష్ వచ్చినవాళ్లని అడుగుతారు. జీతం మాత్రం సాఫ్ట్‌వేర్ ప్రొడక్ట్ కంపెనీలంత ఆశించకండి, రివ్యూలు, సంతకాలు, వెర్షన్లతో ప్రాణం తీస్తారు కూడా.
శాంపిల్స్‌కి ఏదైనా ఓపెన్ సోర్స్ ప్రాజెక్ట్ పట్టుకుని, ఇన్‌స్టాల్ చేస్తూ ఎక్కడ ఇరుక్కున్నారో ఆ పేజీనే సరిచేసి, ఆ మార్పు తీసుకోమని పుల్ రిక్వెస్ట్ పెట్టండి, వాళ్లు ఒప్పుకుని మెర్జ్ చేస్తే ఆ లింకే మీ శాంపిల్, గిట్ కూడా అందులోనే వచ్చేస్తుంది. అందరూ ప్రాక్టీస్‌కి వాడే పెట్‌స్టోర్ డెమో ఏపీఐ మీద మాత్రం రాయకండి మేడమ్, ఇంటర్వ్యూ చేసేవాళ్లకి అది చూసీ చూసీ విసుగొచ్చేసింది.

నోటీస్_పీరియడ్:
టెక్నికల్ రైటర్ అని ఒక్కటే కొట్టకండి, ఇన్ఫర్మేషన్ డెవలపర్, డాక్యుమెంటేషన్ ఇంజనీర్ అని కూడా వెతకండి, శాప్ లాంటి చోట యూజర్ అసిస్టెన్స్ డెవలపర్ అంటారు. టెస్టింగ్‌కి మారితే అక్కడా ఫ్రెషరే, అక్కడా ఇదే ఏఐ.

హెల్ప్‌ఫైల్_పిల్ల:
థాంక్సండీ. రావు గారూ, మెడికల్ డొమైన్ అసలు తెలియని వాళ్లని తీసుకుంటారా, లేక ముందు రెగ్యులేటరీ కోర్సేదైనా చేయాలా? కోర్సుకి డబ్బులు కట్టాలంటే మాత్రం ఇప్పుడు కష్టం.

ఐఎఫ్‌యూ_రావు:
కట్టకండి. కాంట్రాక్ట్ రోల్స్‌లో ఫ్లేర్ వచ్చినవాళ్లని తీసుకుంటున్నారు, రెజ్యూమె డీఎం చేయండి.