ఏఐతో రాసిన రాన్సమ్‌వేర్‌ని యాంటీవైరస్ ఆపగలదా?

ప్రశ్న:
మా ఆఫీసులో సర్వర్లు చూసుకునేది నేనొక్కడినే. ఏఐతో రాన్సమ్‌వేర్ (ఫైళ్లకు తాళం వేసి డబ్బు అడిగే వైరస్) రాస్తున్నారని చదివినప్పటి నుంచి టెన్షన్‌గా ఉంది. ప్రతిసారీ కోడ్ మారిపోతే యాంటీవైరస్ ఎలా పట్టుకుంటుంది? ముందు ఏం చేయాలి?

జవాబు 1:
కోడ్ మారినా అది చేసే పని మారదు కదండీ. అది ఫైళ్లను వరసపెట్టి ఎన్‌క్రిప్ట్ చేస్తుంది, అంటే తెరవలేకుండా మార్చేస్తుంది, బ్యాకప్‌లు చెరిపేయాలని చూస్తుంది. ఆ ప్రవర్తనను కనిపెట్టే ఈడీఆర్ (కంప్యూటర్లో జరిగేది గమనిస్తూ ఉండే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్) పెట్టుకోండి, సిగ్నేచర్లు, అంటే తెలిసిన వైరస్‌ల కోడ్ గుర్తులు మాత్రమే చూసే యాంటీవైరస్ చాలదు. 2025 ఆగస్టులో సెక్యూరిటీ కంపెనీ ఈసెట్ బయటపెట్టిన ప్రాంప్ట్‌లాక్ అనే రాన్సమ్‌వేర్ అప్పటికప్పుడు ఏఐ మోడల్‌తో స్క్రిప్టులు రాయించుకునేది. అది న్యూయార్క్ యూనివర్సిటీ పరిశోధకుల ప్రయోగమని తర్వాత తేలింది, కానీ అలా చేయడం సాధ్యమేనని రుజువైంది.

జవాబు 2:
నన్నడిగితే కోడ్ కన్నా మనుషుల్ని నమ్మించడమే పెద్ద ప్రమాదం. హాంకాంగ్‌లో అరుప్ అనే ఇంజనీరింగ్ కంపెనీ ఉద్యోగి ఒకరు, వీడియో కాల్‌లో ఉన్న అధికారులు డీప్‌ఫేక్‌లని (ఏఐతో చేసిన నకిలీ మనుషులని) తెలియక దాదాపు 2.5 కోట్ల డాలర్లు పంపేశారు, 2024లో బయటికొచ్చింది. అది రాన్సమ్‌వేర్ కాదు, కానీ పాస్‌వర్డ్ రాబట్టడానికీ ఇదే దారి. ఎవరైనా పాస్‌వర్డ్ రీసెట్ అడిగితే ఫోన్ పెట్టేసి, మీ దగ్గరున్న నంబర్‌కి మీరే తిరిగి చేయండి.

జవాబు 3:
ఒక బ్యాకప్ కాపీ నెట్‌వర్క్‌కి తగలకుండా ఉంచండి, అప్పుడప్పుడూ రిస్టోర్ చేసి చూడండి. మాకు బ్యాకప్ ఉంది, అవసరం పడిన రోజు తెరుచుకోలేదు, రెండు రాత్రులు నిద్ర లేదు.