రెండు సీడ్‌లు ఉన్నా 3లో 2 సంతకాల వ్యాలెట్ సున్నా చూపిస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న

ముగ్గురం కలిసి పెట్టుకున్న బిట్‌కాయిన్ వ్యాలెట్ ఇది. ఏ ఇద్దరు సంతకం చేసినా సొమ్ము కదులుతుంది. తలా ఒక హార్డ్‌వేర్ వ్యాలెట్ (రహస్య కీ దాచి, సంతకం చేసే చిన్న డివైస్) ఉంది, కంప్యూటర్‌లో స్పారో అనే వ్యాలెట్ సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లం. ఆ కంప్యూటర్ డిస్క్ పాడైంది. మూడో భాగస్వామి డివైసూ, సీడ్ (కీలు తిరిగి తెప్పించే 24 పదాలు) రాసిన కాగితమూ రెండూ పోయాయి. మిగిలిన ఇద్దరి 24 పదాలు భద్రంగా ఉన్నాయి. కొత్తగా 3లో 2 పెడదామంటే మూడో కీ అడుగుతోంది. 2లో 2గా పెడితే బ్యాలెన్స్ సున్నా. ఇద్దరు చాలన్నప్పుడు ఎందుకు తెరుచుకోవడం లేదు?

జవాబు

సంతకానికి ఇద్దరు చాలండీ. అడ్రస్ కట్టడానికి మాత్రం మూడు పబ్లిక్ కీలూ (రహస్య కీల నుంచి వచ్చే, బయటికి చూపగల జత కీలు) కావాలి. మీ అడ్రస్ "బీసీ1క్యూ"తో మొదలై 62 అక్షరాలు ఉంటే అది ఒక స్క్రిప్టుకు (ఖర్చు షరతులు రాసిన చిన్న కోడ్) తీసిన హాష్, అంటే ఆ కోడ్ నుంచి లెక్కకట్టిన గుర్తు. ఆ స్క్రిప్టులో "3లో 2" అన్న షరతుతో పాటు మూడు కీలూ ఉంటాయి. ఖర్చు పెట్టేటప్పుడు స్క్రిప్టు మొత్తం చూపించాలి, ఒక్క కీ తగ్గినా హాష్ కలవదు. 2లో 2 అంటే వేరే స్క్రిప్టు, వేరే అడ్రస్. అందుకే సున్నా కనిపించింది. సొమ్ము ఉన్నచోటే ఉంది.

మీకిప్పుడు కావలసింది మూడో వ్యక్తి సీడ్ కాదు, ఆయన ఎక్స్‌పబ్, అంటే ఆయన పబ్లిక్ కీలన్నీ పుట్టించే మూల కీ. అది రహస్య కీ కాదు కాబట్టి ఎక్కడో ఒక కాపీ మిగిలి ఉండే అవకాశం బాగా ఉంది. ఈ వరుసలో వెతకండి:

మీ ఇద్దరిలో ఎవరిదైనా కోల్డ్‌కార్డ్ (ఒక రకం హార్డ్‌వేర్ వ్యాలెట్) అయితే ముందు అదే చూడండి. వ్యాలెట్ పెట్టినప్పుడు మల్టీసిగ్ (బహుళ సంతకాల) వివరాలను అందులో నమోదు చేసి ఉంటారు, అవి డివైస్‌లోనే నిలిచి ఉంటాయి. సెట్టింగ్స్‌లో మల్టీసిగ్ వ్యాలెట్స్ తెరిచి, పేరు ఎంచుకుని, మెమరీ కార్డులోకి ఎక్స్‌పోర్ట్ చేయండి. వచ్చే టెక్స్ట్ ఫైల్‌లో మూడు ఎక్స్‌పబ్‌లూ ఉంటాయి. ఇది దొరికేదాకా ఆ డివైస్‌ను రీసెట్ చేయొద్దు, దయచేసి.

తర్వాత, బ్యాలెన్స్ చూసుకోవడానికి ఎవరి ఫోన్‌లోనో, పాత కంప్యూటర్‌లోనో వాచ్-ఓన్లీ వ్యాలెట్ పెట్టుకున్నారేమో అడగండి. వ్యాలెట్ పెట్టిన రోజున స్పారో ఇచ్చిన పీడీఎఫ్ ఈమెయిల్‌లో ఉందేమో చూడండి. సంతకం కోసం ఒకరికొకరు పంపుకున్న పాత పీఎస్‌బీటీ ఫైళ్లూ పనికొస్తాయి, కానీ కొంతవరకే. వాటిలో అప్పుడు ఖర్చు చేసిన అడ్రస్‌ల కీలూ, సాధారణంగా చిల్లర వెనక్కి వచ్చిన అడ్రస్ కీలూ ఉంటాయి. ఎక్స్‌పబ్ అందులో ఉండొచ్చు, లేకపోవచ్చు. చివరి దారి బ్లాక్‌చెయిన్. ఒకసారి ఖర్చు చేసిన అడ్రస్‌కే మళ్లీ సొమ్ము వచ్చి ఉంటే, ఆ స్క్రిప్టు అక్కడ బహిరంగంగానే ఉంటుంది. ఆ ఒక్క అడ్రస్‌లోది తీసుకోవచ్చు.

సాయం చేస్తామంటూ విడిగా మెసేజ్ పెట్టి 24 పదాలు అడిగితే ఎవరికీ ఇవ్వకండి. ఈ పనిలో ఏ దశలోనూ పదాలు ఇంకొకరికి చెప్పే అవసరం రాదు, కంప్యూటర్‌లో టైప్ చేసే అవసరమూ లేదు.

ప్రశ్న అడిగినవారు

కోల్డ్‌కార్డ్‌లోనే దొరికింది, మూడూ ఉన్నాయి! స్పారోలో పెట్టాం. కానీ మొదటి అడ్రస్ పాత రసీదులోని దానితో కలవడం లేదు.

ఇంకో సభ్యుని జవాబు

రెండో డివైస్ నుంచి ఎక్స్‌పబ్‌ను మళ్లీ తీసి పెట్టారా? తరచుగా జరిగే పొరపాటు అదే. సీడ్ నుంచి ఏ కీలు తీయాలో చెప్పేదాన్ని దారి అంటారు. ఒంటరి (ఒకే సంతకం) వ్యాలెట్ దారి సాధారణంగా 84తో మొదలవుతుంది, మల్టీసిగ్ దారి ఎం/48'/0'/0'/2'. సీడ్ అదే అయినా దారి మారితే ఎక్స్‌పబ్ మారిపోతుంది. డివైస్ నుంచి తీయకుండా, కోల్డ్‌కార్డ్ ఇచ్చిన ఫైల్‌నే నేరుగా ఇంపోర్ట్ చేయండి.

అలా చేశాక ఒక్కో కీ పక్కన కనిపించే 8 అక్షరాల ఫింగర్‌ప్రింట్‌ను డివైస్ తెర మీది దానితో పోల్చండి. తేడా ఉంటే, ఆ డివైస్‌లో 24 పదాలకు తోడు పాస్‌ఫ్రేజ్ (అదనపు రహస్య మాట) వాడి ఉండొచ్చు. అది లేకుండా తెరిస్తే వేరే కీ వస్తుంది. మూడు కీలు ఏ వరుసలో పెట్టామన్నది స్పారోలో సమస్య కాదు, అది తనంతట తానే క్రమంలో పేర్చుకుంటుంది.

ప్రశ్న అడిగినవారు

నిజమే, 84 దారిలో తీశాం. ఇప్పుడు అడ్రస్ కలిసింది, బ్యాలెన్స్ వచ్చింది. ఇలాగే వాడుకోవచ్చా?

జవాబు

వద్దండీ. మూడో సీడ్ లేదు కాబట్టి ఇప్పుడున్నది పేరుకే 3లో 2, నిజానికి ఇద్దరిలో ఇద్దరూ ఉండి తీరాలి. ఇంకొకరి డివైసూ, సీడ్ కాగితమూ పోతే అంతా పోయినట్టే. బిట్‌కాయిన్‌లో ఇప్పటికే ఉన్న అడ్రస్‌కు కీ మార్చే వీలు లేదు. మూడో వ్యక్తికి కొత్త సీడ్‌తో కొత్త వ్యాలెట్ కట్టి, సొమ్మంతా అందులోకి పంపాలి. ఇలాంటి వ్యాలెట్‌లో ఒక్కో ఇన్‌పుట్ (ఖర్చు చేసే ఒక్కో జమ) సుమారు 105 వీబైట్లు, ఫీజు లెక్కకట్టేది ఈ పరిమాణం మీదే (ఒంటరి సెగ్‌విట్ అడ్రస్‌కైతే 68). చిన్న చిన్న జమలు చాలా ఉంటే ఫీజు తక్కువగా ఉన్న రోజు చూసుకోండి.

పెద్ద మొత్తం పంపేముందు చిన్న మొత్తంతో మూడు జంటలనూ పరీక్షించండి: ఒకటి-రెండు, రెండు-మూడు, ఒకటి-మూడు. తర్వాత స్పారో నుంచి ఆ వ్యాలెట్‌ను తీసేసి, బ్యాకప్ నుంచి మళ్లీ కట్టి, మొదటి అడ్రస్ అదేనా చూడండి. బ్యాకప్ అంటే ఒక్కో చోట ఒక సీడ్, దానితో పాటు డిస్క్రిప్టర్ (మూడు ఎక్స్‌పబ్‌లూ, షరతూ రాసి ఉండే టెక్స్ట్) కాపీ. డిస్క్రిప్టర్ దొరికినవాడు మీ లెక్కలన్నీ చూడగలడు, పైసా కూడా కదపలేడు. ఒక చోటు తగలబడినా మిగతా రెండింటిలో కావలసినదంతా ఉంటుంది.

మరో సభ్యుని ప్రశ్న

మాది ఇథీరియం మీద సేఫ్ అనే బహుళ సంతకాల వ్యాలెట్. కావలసిన సంతకాలన్నీ పడ్డా ఒక లావాదేవీ కదలడం లేదు.

జవాబు

నాన్స్ (లావాదేవీ వరుస సంఖ్య) చూడండి. సేఫ్‌లో లావాదేవీలు వరుస సంఖ్య ప్రకారమే నడుస్తాయి. 14 పెండింగ్‌లో ఉంటే 15కు అన్ని సంతకాలున్నా ఆగాల్సిందే. 14 అక్కర్లేకపోతే రిజెక్ట్ చేయండి. రిజెక్ట్ అంటే అదే నాన్స్‌తో వేసే ఖాళీ లావాదేవీ, దానికీ కావలసినన్ని సంతకాలూ గ్యాసూ (నెట్‌వర్క్ ఫీజు) ఉండాలి. సంతకానికి గ్యాస్ పడదు. చివర్లో ఎగ్జిక్యూట్ నొక్కేవారి ఖాతాలో ఈథర్ ఉండాలి.

ఆ తొందరలో డివైస్ తెర చూడకుండా మాత్రం సంతకం చేయకండి. 2024 జులై 18న క్రిప్టో ఎక్స్‌చేంజ్ వజీర్‌ఎక్స్ నుంచి సుమారు 23 కోట్ల డాలర్లు పోయాయి, 2025 ఫిబ్రవరి 21న మరో ఎక్స్‌చేంజ్ బైబిట్ నుంచి సుమారు 150 కోట్ల డాలర్లు. రెండు చోట్లా బహుళ సంతకాల వ్యాలెట్లే, సంతకాలు చేసింది అసలు సభ్యులే. వాళ్లకు కనిపించింది ఒకటి, సంతకం పడింది వ్యాలెట్ కోడ్‌నే మార్చేసే వేరే దాని మీద.

డివైస్ చూపే హాష్‌ను వేరే కంప్యూటర్‌లో, సేఫ్ వెబ్‌సైట్‌తో సంబంధం లేని సాధనంతో లెక్కకట్టి పోల్చండి. ఆపరేషన్ అన్న చోట మామూలు బదిలీకి 0 ఉండాలి. 1 ఉంటే డెలిగేట్‌కాల్, అంటే అవతలి కోడ్ మీ వ్యాలెట్ అధికారంతో నడుస్తుంది. అనేక చెల్లింపులు ఒకేసారి పంపే బ్యాచ్‌లకు 1 సహజమే, అప్పుడు అవతలి అడ్రస్ సేఫ్ వారి మల్టీసెండ్ కాంట్రాక్టుదేనని అక్షరమక్షరం చూసుకోవాలి. ఒక్కరికి పంపే చెల్లింపులో 1 కనిపిస్తే సంతకం ఆపేసి, మిగతా సభ్యులకు ఫోన్ చేయండి.