‘కోట్‌టెయిల్స్’కు తెలుగులో ఏమందాం?

ప్రశ్న: అమెరికా ఎన్నికల గురించి తెలుగులో ఒక వ్యాసం రాస్తున్నాను. అధ్యక్ష పదవికి పోటీ చేసే మనిషికి ఆదరణ బాగా ఉండి, ఆ ఊపులో అదే పార్టీ నుంచి కాంగ్రెస్‌కు (సెనేట్, ప్రతినిధుల సభ కలిసిన అక్కడి చట్టసభకు) నిలబడ్డవాళ్లు కూడా గెలిస్తే, వాళ్లు ఆయన ‘కోట్‌టెయిల్స్’ (కోటు వెనక వేలాడే అంచులు) పట్టుకుని గెలిచారంటారు. దీనికి ‘గాలి’ అని రాయవచ్చా? ‘పూలతో పాటు నారకూ పరిమళం అబ్బినట్టు’ అంటే సరిపోతుందా?

జవాబు: ‘గాలి’ వద్దండీ. గాలి పార్టీకి వీస్తుంది, సానుభూతికి వీస్తుంది, ఒక్కోసారి ఎవరి ప్రమేయమూ లేకుండానే వీస్తుంది. మీరు అడిగిన మాటలో ఒక మనిషి ఉండాలి, ఆయన చాటున ఇంకొకరు ఉండాలి. 1848లో ప్రతినిధుల సభలో లింకన్ చేసిన ప్రసంగంలోనూ ఆ అర్థమే కనిపిస్తుంది. లింకన్ అప్పుడున్న విగ్ పార్టీవాళ్లు తమ అధ్యక్ష అభ్యర్థి జనరల్ టేలర్ కోటు చాటున దాక్కుంటున్నారని డెమోక్రాట్లు దెప్పితే, మీరు ఇన్నేళ్లుగా మీ పాత అధ్యక్షుడు జనరల్ జాక్సన్ కోటు కిందే బతుకుతున్నారు కదా అని లింకన్ ఎదురు దెప్పాడు.

నార సామెత అందంగానే ఉంది కానీ అందులో నార ఏమీ చేయదు, ఊరికే ఉంటుంది. పార్టీ మొత్తాన్ని ఒక్క తాటి మీద నడిపి చేసే ప్రచారానికి అది నప్పదు. 1980 సెప్టెంబరులో రిపబ్లికన్ అధ్యక్ష అభ్యర్థి రీగన్ కాంగ్రెస్ భవనమైన కాపిటల్ మెట్ల మీద కాంగ్రెస్ అభ్యర్థులను వెంట నిలబెట్టుకుని, గెలిస్తే అందరం కలిసి ఫలానా పనులు చేస్తామని మాట ఇచ్చాడు. పై నుంచి కింద దాకా ఒకే మాట మీద ప్రచారం చేయాలన్నది దాని వెనక ఉన్న ఆలోచన. ఆ నవంబరులో రిపబ్లికన్లు సెనేట్‌లో 12 స్థానాలు అదనంగా గెలిచి, పాతికేళ్ల తర్వాత ఆ సభను చేజిక్కించుకున్నారు. ప్రతినిధుల సభలో మరో 34 స్థానాలు కలిసొచ్చినా ఆధిక్యం మాత్రం రాలేదు. ఇందులో రీగన్ ఆదరణ ఎంత, కలిసి చేసిన ప్రచారం ఎంత అన్నది తూకం వేసి చెప్పలేం. వ్యాసంలో మాత్రం ఈ రెండింటికీ ఒకే మాట వాడకండి.

మొదటిదానికి మన ఊళ్లలో రోజూ వినే మాటే ఉంది: ‘ఆయన బొమ్మ పెట్టుకుని గెలిచాడు’. 1983లో ఎన్టీఆర్ బొమ్మతో గెలిచిన కొత్తవాళ్ల గురించి మన పెద్దవాళ్లు ఇప్పటికీ ఇలాగే అంటారు. రెండోదానికి ‘ఉమ్మడి ప్రచారం’ చాలు.

ఇంకొకరి వ్యాఖ్య: ‘బొమ్మ’ నాకు నచ్చింది కానీ ఒక సందేహం. అమెరికాలో ఇళ్ల ముందు పాతే ప్రచార బోర్డుల మీద ఎక్కువగా పేర్లే ఉంటాయి, బొమ్మలు తక్కువ. అక్కడి పాఠకుడికి ఇది ఎబ్బెట్టుగా ఉండదా?

జవాబు: ఉండదనే నా నమ్మకం అమ్మా. మనం బొమ్మ అన్నప్పుడు కాగితం మీద అచ్చయిన ముఖం ఒక్కటే కాదు, ఆ మనిషికున్న పలుకుబడి అంతా అందులో ఉంటుంది. పైగా ఈ మాటను ఎటు కావాలంటే అటు తిప్పుకోవచ్చు. 1972లో నిక్సన్ 49 రాష్ట్రాలు గెలిచాడు. కానీ ఆయన ప్రచారం నడిపిన సంఘం పేరు ‘అధ్యక్షుణ్ణి తిరిగి ఎన్నుకునే కమిటీ’, అందులో పార్టీ ఊసే లేదు. ఫలితమూ అలాగే వచ్చింది. సెనేట్‌లో రిపబ్లికన్లు రెండు స్థానాలు పోగొట్టుకున్నారు, ఉభయ సభలూ డెమోక్రాట్ల చేతిలోనే ఉన్నాయి. ‘బొమ్మ గెలిచింది, జెండా గెలవలేదు’ అంటే ఒక్క వాక్యంలో తేలిపోతుంది.

1996 దీనికి తిరకాసు. అధ్యక్ష అభ్యర్థి డోల్ ఓడిపోతాడని తేలాక, క్లింటన్‌కు ఖాళీ చెక్కు రాసివ్వకండి, కాంగ్రెస్‌ను మాకు ఉంచండి అని రిపబ్లికన్లు ప్రచారం చేశారు. అంటే సొంత అభ్యర్థి బొమ్మను చేతులారా పక్కన పెట్టేశారు. రెండు సభలూ నిలబెట్టుకున్నారు. కుక్క తోక పట్టుకుని గోదారి ఈదలేమని వాళ్లకు అర్థమైంది. సామెత వాడితే ఇలాంటి చోట వాడండి, కానీ డోల్‌ను ఉద్దేశించి కాదు, ఆ అభ్యర్థుల లెక్క గురించి. ఆయన యుద్ధంలో కుడిచెయ్యి పోగొట్టుకున్నంత పని అయిన మనిషి, ఆ వాక్యం ఆయనను గాయపరిచేలా ఉండకూడదు.

అడిగినవారు: చాలా సంతోషం అండీ. మరి ‘స్ప్లిట్ టికెట్’ సంగతి? అంటే అధ్యక్షుడికి ఒక పార్టీకి, కాంగ్రెస్‌కు ఇంకో పార్టీకి ఓటు వేయడం.

జవాబు: ‘టికెట్ చీల్చడం’ అని మాత్రం రాయకండి. మనకు టికెట్ అంటే పార్టీ ఇచ్చే అభ్యర్థిత్వం, పాఠకుడు తిరుగుబాటు అభ్యర్థి అనుకుంటాడు. ‘క్రాస్ ఓటింగ్’ అనండి, 2019లో గుంటూరు ఓటు ఎలా పడిందో గుర్తున్నవాళ్లకు వివరణ అక్కర్లేదు. ఆ లోక్‌సభ స్థానం కింద ఉన్న ఏడు అసెంబ్లీల్లో ఆరు వైఎస్సార్‌సీపీ గెలిచింది, ఎంపీగా మాత్రం టీడీపీ అభ్యర్థి గెలిచారు. అమెరికాలో ఈ అలవాటు బాగా తగ్గిపోయింది. 1972లో 192 నియోజకవర్గాలు అధ్యక్షుడిగా ఒక పార్టీని, ప్రతినిధిగా ఇంకో పార్టీని ఎంచుకున్నాయి. 2020లో 435కు అలాంటివి 16 మాత్రమే. ఈ రెండు అంకెలూ మీ వ్యాసంలో ‘బొమ్మ’ పేరా పక్కనే పెట్టండి.